పసుపు దారం కట్టిన పెన్‌డ్రైవ్

రెజిమెంటల్ బజార్‌లో హరికిషన్ దుకాణం పొడవు పదకొండు అడుగులు, వెడల్పు ఆరు. మొరాయించిన లాప్‌టాప్‌లు అక్కడికి వస్తాయి. వెనక గోడకు రెండు మేకులు ఉంటాయి. ఒక మేకుకు ఎర్ర దారం కట్టిన పెన్‌డ్రైవ్‌లు వేలాడుతుంటాయి, రెండో మేకుకు పసుపు దారం కట్టినవి. ఎర్ర దారమంటే ఎన్నిసార్లయినా తుడిచి వాడుకోవచ్చు, వాటితోనే లాప్‌టాప్‌లకు విండోస్ ఎక్కిస్తాడు. పసుపు దారమంటే అందులో ఎవరిదో సరుకు ఉందని, ముట్టకూడదని. అన్నీ ఒకే డబ్బాలో వచ్చిన నల్లటి ముప్పై రెండు జీబీ పెన్‌డ్రైవ్‌లే. దారం లేకపోతే ఏది ఏదో కొన్నవాడికే తెలియదు.

రెండు మేకుల మధ్య ఒక కాగితం అంటించి ఉంటుంది. "స్టార్ట్ నొక్కేముందు తెరిచి చూడు." ఆ రాత హరికిషన్‌దే, రాసుకున్నది కూడా తనకోసమే. ఆ పనిలో వెనక్కి తిరిగి రాలేని క్షణం ఒక్కటే ఉంటుంది. ప్రోగ్రామ్ తెరిచి, విండోస్ ఫైలు చూపించి, పెన్‌డ్రైవ్ ఎంచుకుని స్టార్ట్ నొక్కితే, ఇందులో ఉన్నదంతా పోతుంది, సరేనా అని అది ఒక్కసారి అడుగుతుంది. సరే అన్నాక మళ్ళీ అడగదు.

హరికిషన్ సీతాఫల్‌మండిలో పుట్టి పెరిగాడు. తండ్రి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. నెమ్మదైన మనిషని పేరు, అది గుమ్మం దాకానే. లోపల అతని బెల్టు తలుపు వెనక కొక్కేనికి వేలాడేది, దానికి కారణాలు అక్కర్లేదు. కూరలో ఉప్పు తక్కువైనా చాలు, రేడియో గొంతు ఎక్కువైనా చాలు. దెబ్బ పడ్డప్పుడు నోరెత్తితే రెండోది గట్టిగా పడుతుందని హరికిషన్ ఆరేళ్ళకే నేర్చుకున్నాడు. పళ్ళు బిగించి, గచ్చు మీది బండలు లెక్కపెట్టేవాడు. పదిహేడు బండలు. తండ్రి పోయి తొమ్మిదేళ్ళయినా, ఎవరైనా చెయ్యెత్తితే చాలు, అతని నోరు దానంతటదే మూతపడేది.

డిగ్రీలో ఎలక్ట్రానిక్స్ చదివాడు, దుకాణం పెట్టాడు, రజితను పెళ్ళి చేసుకున్నాడు. నాలుగేళ్ళ కిందట సింధూర పుట్టింది. ఆ ఇంట్లో ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తరు. దానికి బదులు భయం ఉంటుంది. ప్లగ్గు రంధ్రాలన్నిటికీ టేపు అంటించాడు. ద్రాక్షపండును నాలుగు చీలికలు చేస్తేగాని పిల్ల నోట్లో పెట్టనివ్వడు. ఒకసారి సింధూర దుకాణంలో ఒక పెన్‌డ్రైవ్‌ను కొరికితే, మూత ఊడి గొంతులో పడుతుందేమోనని వణికిపోయి లాక్కున్నాడు. దాని అంచున రెండు చిన్న పళ్ళ గాట్లు మిగిలాయి.

దసరాకు ముందు శుక్రవారం సాయంత్రం నాలుగింటికి, అతని దుకాణం ఎదుటే ఇస్త్రీ పర్వతాలు మోకాలు విరిగింది.

పర్వతాలుది ఇస్త్రీ బండి. పక్క భవనం మెట్ల కింద ముప్పై ఏళ్ళుగా అతనూ, భార్య ఎల్లమ్మా బట్టలు ఇస్త్రీ చేస్తున్నారు. ఆ భవనాన్ని విష్ణువర్ధన్ అనే మనిషి కొన్నాడు. మెట్ల కింద బండ్లు పెట్టుకోవడానికి జాగా కావాలి, తీసెయ్యమన్నాడు. పర్వతాలు తియ్యలేదు. మూడోసారి చెప్పడానికి విష్ణువర్ధన్ ఇనప రాడ్డుతో వచ్చాడు. ముందు ఇస్త్రీపెట్టెను తన్నాడు. మూత తెరుచుకుని నిప్పులు రోడ్డు మీద చిమ్మాయి. వంగి ఏరబోయిన పర్వతాలు వీపు మీద ఒకటి, కిందపడ్డాక మోకాలి మీద రెండు పడ్డాయి. మూడో దెబ్బకు వచ్చిన చప్పుడు ఎండిన కట్టె విరిగినట్టు ఉంది. ఎల్లమ్మ అప్పుడు బట్టలు ఇవ్వడానికి ఎక్కడికో వెళ్ళింది. బజారంతా చూసింది, ఎవరూ కదల్లేదు.

చూసినవాళ్ళెవరూ సాక్ష్యం చెప్పలేదు. మెట్ల మీంచి జారిపడ్డాడని విష్ణువర్ధన్ చెప్పాడు. మర్నాడు అతని మనుషులిద్దరు హరికిషన్ దుకాణంలోకొచ్చి, కెమెరా రికార్డింగు పెట్టెను వైర్లతో సహా పీకి, నడిరోడ్డు మీద రాయితో బద్దలుకొట్టి పోయారు. కానీ హరికిషన్ అప్పటికే ఆ సాయంత్రపు వీడియోను సింధూర కొరికిన పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, పసుపు దారం కట్టి మేకుకు తగిలించాడు. ఫోన్లో పెట్టలేదు, ఇంటికి తీసుకుపోలేదు, ఇంకో కాపీ చేయలేదు. రెండు చోట్ల ఉంటే దొరికిపోయే దారులు కూడా రెండవుతాయని అతని భయం.

గాంధీ ఆసుపత్రి నుంచి ఎల్లమ్మ వచ్చి గుమ్మంలో కూచుంది. "ఎస్సై సారు అడుగుతుండు బిడ్డా. వీడియో గిట్ల ఉంటె తెమ్మన్నడు, కేసు రాస్తనన్నడు. లేకుంటె మెట్ల మీదికెల్లి పడ్డడనే రాస్తడట."

"ఉన్నది పెద్దమ్మా," అన్నాడు హరికిషన్, చాలా మెల్లగా. "పండుగ అయినంక ఇస్తా."

ఎందుకు పండుగ అయ్యాక అని అడక్కుండానే ఆమె లేచి ఆసుపత్రికి పోయింది.

ఆయుధపూజ నాడు పొద్దున్నే రజిత, సింధూర దుకాణానికి వచ్చారు. స్క్రూడ్రైవర్లు, మల్టీమీటరు, టంకం కడ్డీ, అన్నీ పళ్ళెంలో పేర్చి రజిత పసుపూ కుంకుమా పెట్టింది. బంతిపూలు వేసింది. పనిముట్టు పనిముట్టుకూ పసుపు దారం కట్టింది. హరికిషన్ బయట బూడిద గుమ్మడికాయ కొడుతున్నాడు. కాయ పగిలి, లోపల పోసిన కుంకుమ నీళ్ళు గడప ముందు ఎర్రగా పారాయి. బజారంతా ప్రతి దుకాణం ముందూ అలాంటి ఎర్ర ముద్దే. పూజలో పెట్టిన పనిముట్టు మర్నాడు కదిలించేదాకా ముట్టకూడదు, గడప దాటించకూడదు. హరికిషన్ నాన్న కూడా ఆ ఒక్కరోజు పానా పట్టేవాడు కాదు. బెల్టు పట్టేవాడు.

మధ్యాహ్నం రజిత పిల్లను తీసుకుని ఇంటికి పోయింది. హరికిషన్ షట్టరు దించబోతుంటే కింద నుంచి ఒక చేయి ఆపింది. విష్ణువర్ధన్. నుదుట బొట్టు, మెడలో కండువా, చంకలో లాప్‌టాప్.

"ఏం హరీ, పూజ అయిందా?"

"అయింది అన్నా. ఇయ్యాల పనిముట్లు ముట్టద్దు. పెట్టిపోండ్రి, రేపు పొద్దుగాల చేస్తా."

"మా బిడ్డది. రాత్రి నుంచి షురూ అయితలేదు. పొద్దటికెల్లి ఏడుస్తున్నది. పండుగ పూట బిడ్డ ఏడిస్తె తండ్రికి ఎట్లుంటదో నీకు తెల్వదా? నీకు సుత బిడ్డ ఉన్నది గదా." లోపలికి వచ్చి షట్టరును తానే సగం దించాడు. స్టూలు లాక్కుని హరికిషన్ భుజం వెనకే కూచున్నాడు. "చెయ్యి. నేను సూస్తా."

అది కొత్త లాప్‌టాప్. పాత విండోస్ దానికి సరిపడదు, కొత్తది ఎక్కించాలి. అంటే పెన్‌డ్రైవ్ కొత్తగా తయారుచేయాలి. హరికిషన్ మేకుల వైపు చూశాడు, ఖాళీగా ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లన్నీ పూజ పళ్ళెంలో ఉన్నాయి. పళ్ళెంలో ఎర్ర దారం ఒక్కటీ కనిపించలేదు, అన్నిటికీ పసుపే. అది అతని కళ్ళకు కనపడింది, బుర్రకు ఎక్కలేదు. మెడ మీద ఆ మనిషి ఊపిరి తగులుతోంది. ఎడమ పక్కన ఉన్నవి ఎర్రవే అయ్యుంటాయనుకుని ఒకటి తీసి గుచ్చాడు. ప్రోగ్రామ్ తెరిచాడు. విండోస్ ఫైలు చూపించాడు. పెన్‌డ్రైవ్ తెరిచి చూడలేదు. స్టార్ట్ నొక్కాడు.

ఇందులో ఉన్నదంతా పోతుంది, సరేనా?

సరే.

ఆకుపచ్చ గీత కదిలింది. పది, ఇరవై, నలభై. చేతుల చెమట తుడుచుకుంటూ పెన్‌డ్రైవ్ వైపు చూశాడు. దాని అంచున రెండు చిన్న పళ్ళ గాట్లు.

పర్వతాలు మోకాలు అందులో ఉంది. లాగేస్తే? లాగేస్తే ఎందుకు లాగావంటాడు విష్ణువర్ధన్. తను చదువుకున్న చదువు ఒక్కటే హరికిషన్‌కు అప్పుడు పనికొచ్చింది. ఈ ప్రోగ్రామ్ పైపైనే తుడుస్తుంది. పుస్తకంలో విషయసూచిక చింపి, మొదటి పేజీల మీద కొత్తగా రాస్తుంది. రాసేది అయిదారు జీబీలు. పెన్‌డ్రైవ్ ముప్పై రెండు. రికార్డరు వీడియోను చిన్న చిన్న ముక్కలుగా దాస్తుంది. ఏ ముక్కలు మొదటి పేజీల్లో పడ్డాయో, ఏవి వెనక మిగిలాయో దేవుడికే తెలియాలి.

వంద శాతం. దాన్ని తీసి విష్ణువర్ధన్ లాప్‌టాప్‌లో పెట్టాడు. తెర మీద నీలం వెలుగు వచ్చింది.

"ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు అన్నా."

"అయితె జర ముచ్చట పెట్టుకుందాం," అన్నాడు విష్ణువర్ధన్, లేచి నిలబడి. "ఆ కెమెరా డబ్బాల ఉన్నది నువ్వు వేరే దాంట్ల ఎక్కించుకున్నవా?"

"లేదన్నా."

మొదటి దెబ్బ చెవి మీద పడింది. లోకం అంతా ఒకే కీచుమనే శబ్దం అయిపోయింది.

"కంప్యూటరోనివి నువ్వు. ఎక్కించుకోకుంట ఉంటవారా?"

"లేదన్నా."

రెండోది డొక్కలో. మూడోసారి జుట్టు పట్టి ముఖాన్ని బల్లకు కొట్టాడు. ముక్కులోంచి వేడిగా కారి మీసం మీదుగా నోట్లోకి వచ్చింది, ఉప్పగా. హరికిషన్ నోరు మూతపడింది, చిన్నప్పటిలాగే. లెక్కపెట్టడానికి బండలు లేవు. తెర మీద అంకె ఉంది. ఇరవై మూడు శాతం. మోచేత్తో వీపు మీద. ఇరవై తొమ్మిది. కింద పడ్డాడు. చెప్పుకాలు పక్కటెముకల మీద. ముప్పై ఆరు. విష్ణువర్ధన్ ఆయాసపడలేదు, అరవలేదు. దుమ్ము దులిపేవాడు కంబళిని కొట్టినట్టు కొట్టాడు. మధ్యలో ఒకసారి ఆగి, కండువాతో చెమట తుడుచుకుని, పళ్ళెంలోంచి కొబ్బరిముక్క తీసుకుని నమిలాడు.

"లేదంటె నిజంగ లేదన్నట్టే అనుకుంటున్నా," అన్నాడు చివరికి. "మల్ల యాడనన్న బయటికొచ్చిందనుకో. పాప ఎల్‌కేజీ గదా? ఆటోల పోతది గదా? ఆటో నంబరు సుత నాకు తెలుసు."

అరవై ఎనిమిది శాతం. హరికిషన్ నేల మీద పడి ఆ అంకెనే చూస్తున్నాడు.

విండోస్ ఎక్కింది. తెర మీద పూలతోట లాంటి బొమ్మ వచ్చింది. విష్ణువర్ధన్ లాప్‌టాప్ మూసి చంకలో పెట్టుకున్నాడు. పెన్‌డ్రైవ్ లాగి చేతిలో ఎగరేసి పట్టుకున్నాడు. "ఇది సుత తీస్కపోతా. మల్ల ఖరాబైతె మా ఇంట్లనే ఎక్కించుకుంటం."

"ఇయ్యను."

ఎవరన్నారా అని హరికిషనే ఉలిక్కిపడ్డాడు. దెబ్బలు తిన్న నోటితో జీవితంలో మొదటిసారి ఎదురు చెప్పిన మాట అది.

"ఏందీ?"

హరికిషన్ బల్ల అంచు పట్టుకుని లేచి కూచున్నాడు. "పూజల పెట్టింది అన్నా. ఇయ్యాల గడప దాటద్దు. కుంకుమ సూడు దానికి."

విష్ణువర్ధన్ అరచేయి తెరిచి చూశాడు. నల్లటి ప్లాస్టిక్ మీద కుంకుమ బొట్టు, పసుపు దారం, దారానికి చిక్కుకున్న బంతి రేకు. పొద్దున అతను కూడా తన కారు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి వచ్చినవాడే. పెన్‌డ్రైవ్‌ను జాగ్రత్తగా, కళ్ళకద్దుకున్నంత పని చేసి, పళ్ళెంలో పెట్టాడు.

"కరెక్టే. పూజల పెట్టింది నేను ముట్ట." హరికిషన్ కుడిచేయి పట్టి బల్ల మీద పరిచాడు. "నీ వేళ్ళు పూజల పెట్టలే గదా?"

పక్కన పడివున్న యూపీఎస్ బ్యాటరీని రెండు చేతులా ఎత్తి దించాడు. రెండు వేళ్ళు. పర్వతాలు మోకాలి చప్పుడే, కాస్త చిన్నగా. హరికిషన్ ఈసారి గట్టిగా అరిచాడు. బజారు మొత్తం వినే ఉంటుంది. ఎవరూ రాలేదు.

విష్ణువర్ధన్ వెళ్ళాక గడప దాకా పాకి, ఎడమచేత్తో రజితకు ఫోన్ చేశాడు. "పాపను పక్కింట్ల వదిలి రా."

రజిత వచ్చేసరికి గడప మీది కుంకుమ నీళ్ళలో హరికిషన్ రక్తం కలిసిపోయి, ఏది ఏదో తెలియడం లేదు. ఆమె అతని చంక కింద చెయ్యేసి లేపబోయింది. "దవాఖానకు నడువు. ఆటో ఆగి ఉన్నది. లెవ్వు."

"ముందుగాల ఇది."

"ఏందిది? వేళ్ళు సూస్కున్నవా నువ్వు?"

"మౌస్ పట్టు. నా చేయి పనిచేస్తలేదు."

ఏం జరిగిందో ముక్కలు ముక్కలుగా చెప్పాడు. రజిత పళ్ళెం వైపు చూసింది. "నేనే కట్టిన. ఎర్రయి మాసిపోయినయని తీసి, అన్నిటికి పసుపుయే కట్టిన. పాప ఒక్కోటి అందిచ్చింది."

"నేను తెరిచి సూడలే," అన్నాడు. గోడ మీది కాగితం ఇద్దరూ చూశారు.

పోయినవాటిని వెతికే ప్రోగ్రామ్‌ను రజిత అతను చెప్పినట్టే నడిపింది. అందులోకి ఏమీ రాయొద్దు, ఏది దొరికినా వేరే చోట దాచు, అంటూ ప్రతి నొక్కుకూ ఆపి, అతను తెర చదివాకే నొక్కమన్నాడు. గంటన్నర పట్టింది. వేళ్ళు ముల్లంగుల్లా ఉబ్బాయి. దొరికిన ముక్కల్లో చాలావరకు బూడిదరంగు గీతలే. దుకాణం లోపలి కెమెరావి కొన్ని ఉన్నాయి, వాటితో పనిలేదు. చివరికి రోడ్డు వైపు కెమెరాది ఒకటి తెరుచుకుంది. నలభై ఒక్క సెకన్లు.

శబ్దం లేదు. నిప్పులు రోడ్డు మీద చెదిరి ఉన్నాయి. పర్వతాలు పక్కకు పడి ఉన్నాడు. విష్ణువర్ధన్ ముఖం కెమెరా వైపే ఉంది, నుదుటి గీతతో సహా. రాడ్డు లేచింది, దిగింది. మళ్ళీ లేచింది. రజిత ఎడమచేత్తో నోరు మూసుకుంది. పర్వతాలు తల ఎత్తి దుకాణం వైపు చూస్తూ ఏదో అంటున్నాడు. అప్పుడే తెర అడుగు అంచున ఒక తల కనిపించింది, షట్టరు లాగే కొక్కెం కర్ర పట్టుకున్న చేయి కనిపించింది. షట్టరు దిగింది. అక్కడితో ముక్క అయిపోయింది.

రజిత అంది. "ఆ రోజు పాప లోపల ఉండె గదా. పాప సూస్తదని దించినవ్."

"అవు. పాప చెవులు మూసుకోని కూసున్న." కళ్ళు తెర మీంచి తీయలేదు. "పాప లేకున్నా దించేటోన్నేమో."

"ఆఖర్ల ఏడు సెకన్లే ఉన్నది అది. కోసెయ్యరాదు? వాడు కొట్టింది ముందుగాలనే అయిపాయె."

"కోస్తె మొత్తం ఖరాబు చేసిన్రంటరు. మొత్తం పనికిరాదంటరు." ఆగి అన్నాడు. "పోనీ పనికొస్తదే అనుకో. అయినా కొయ్యద్దు."

"మరి పాప? ఆటో నంబరు సుత తెలుసన్నడంటివి."

"సెలవులు అయినంక ఆటో వద్దు, నేనే తోల్కపోతా," అన్నాడు. "ఇది నా తాన్నే ఉంటె భయం ఎక్కువ రజితా. ఇచ్చేస్తె అందరి తాన ఉంటది." ఈసారి నాలుగు కాపీలు చేయించాడు. ఒకటి తన ఫోన్లోకి, ఒకటి ఆమె ఫోన్లోకి, ఒకటి ఆమె అన్నకు, ఒకటి కొత్త పెన్‌డ్రైవ్‌లోకి.

పోలీస్ స్టేషన్లో కూడా ఆయుధపూజ జరిగింది. జీపు ముందు గుమ్మడికాయ పగిలి ఉంది. ఎల్లమ్మ వాళ్ళకంటే ముందే వచ్చి బెంచీ మీద కూచుంది. హరికిషన్ ముఖం చూసి లేచి నిలబడింది. "అయ్యో బిడ్డా, నిన్ను సుతనా?"

ఎస్సై వీడియో రెండుసార్లు చూశాడు. ఎల్లమ్మ అతని కుర్చీ వెనక నిలబడి, కొంగు పళ్ళ మధ్య పెట్టుకుని చూసింది. రాడ్డు దిగిన ప్రతిసారీ ఆమె భుజం కదిలింది. ఎస్సై చివర్లో ఆపాడు.

"ఈ షట్టర్ దించుతున్నది ఎవరయ్యా?"

"నేనే సార్."

ఎల్లమ్మ మెల్లగా అతని వైపు తిరిగింది. "నువ్వు లోపలనే ఉన్నవా బిడ్డా?" ఆ గొంతులో కోపం లేదు. "ఆయన నీ పేరే పెట్టి పిలిచిండట. హరీ, హరీ అని. దుకాణం బందున్నదేమో, పిల్లగాడు ఇనలే అన్నడు నాతోని."

హరికిషన్ ముక్కు మీద ఎండిన రక్తం పగిలి మళ్ళీ కారసాగింది. తుడుచుకోలేదు.

"ఇన్న పెద్దమ్మా," అన్నాడు.

ఎస్సై కాగితం మీద కలం ఆపి ఇద్దర్నీ చూశాడు. "ఇది కూడా రాయమంటావా?"

"రాయండి సార్."

ఎస్సై రాశాడు. కాగితం తిప్పి అతని ముందు పెట్టాడు. హరికిషన్ కుడిచేతిని ఒడిలో పెట్టుకుని, కలాన్ని ఎడమచేతి గుప్పిట్లో పట్టుకున్నాడు. సంతకం ముందు మొత్తం చదివాడు, పై నుంచి కింది దాకా, ఒక్కో అక్షరం. తర్వాత అప్పుడే రాయడం నేర్చుకుంటున్న సింధూర రాసినట్టు, వంకర టింకరగా, తన పేరు రాశాడు.